జలాపచారము - దండనీతి

జలములకు నారములని పేరు. నారములు అయనముగా, అనగా నివాసముగా గలవాడు గనుక పరమాత్మకు నారాయణుడను నామము కలిగెనని స్మృతులు, పురాణములు నిర్వచించినవి. వైష్ణవ గృహములలో ప్రతిదినము తిరువారాధనమునకు తీర్థపాత్ర నింపునపుడు గృహస్థుడు పుణ్యనదులను ఆ పాత్రలోనికి భావనతో ఆహ్వానించును. కోవెలలో అర్చకుడు తీర్థమొసగునపుడు భక్తుడు కుడిచేతి క్రింద వస్త్రపుటంచు చేర్చి, ఒక్క చుక్కయు నేలపాలు కాకుండ స్వీకరించును. చేతిలోని మూడు చుక్కల నీటియెడ ఇంతటి భక్తిగల సమాజము, తన ఊరి మురుగును ఏ నీటిలోనికి పంపుచున్నది? అది విచారింపదగిన ప్రశ్న. అంతకంటె విచారింపదగినది మరియొకటి గలదు. మురుగును శుద్ధిచేయుటకే నియమింపబడిన కేంద్రము శుద్ధిచేయక నదిని మలినపరచినయెడల, దానికి విధింపదగిన దండమెట్టిది? ఆ దండమెవరిపై పడవలెను? ఆ ధనమెచ్చటికి చేరవలెను?

ఈ ప్రశ్నకు ఉత్తర తెలంగాణమున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు తగిన భూమిక. పూర్వము కరీంనగరు జిల్లాలోనివే యైన ఈ మూటిలో జగిత్యాల, కోరుట్లలు 2016 అక్టోబరు 11వ తేదీ నుండి జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. జగిత్యాల జిల్లా ఉత్తరపుటంచున గోదావరి ప్రవహించును. ఆ తీరముననే శ్రీలక్ష్మీనృసింహుడు కొలువైన ధర్మపురి క్షేత్రము గలదు. సిరిసిల్ల మానేటి ఒడ్డున నెలకొన్నది. ఆ యేరు పట్టణము దాటిన పిమ్మట మధ్యమానేరు జలాశయమునకును, అచ్చటినుండి కరీంనగరునకు త్రాగునీరొసగు దిగువ మానేరు జలాశయమునకును చేరి, తుదకు మంథని ప్రాంతమున గోదావరిలో కలియును. ఆ గోదావరియే భద్రాచల రాముని పాదములచెంత ప్రవహించి, అంతర్వేది నృసింహుని సన్నిధిని సముద్రమున లీనమగును. ధర్మపురి నృసింహుని మొదలు అంతర్వేది నృసింహుని వరకు నీరొక్కటియే. ఎగువ ఊరివారు విడిచినది దిగువ ఊరివారి తీర్థపాత్రలోనికి చేరును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశమున 351 నదీభాగములను కలుషితములని గుర్తించినది. వానిలో తెలంగాణమునకు చెందినవి 8. ఆ ఎనిమిదింటిలో గోదావరియు మానేరును ఉన్నవి.

శుద్ధి కేంద్రము చేయు పనిని స్థూలముగా తెలిసికొనుట ఆవశ్యకము. మురుగునీరు ముందుగా ఇనుప జల్లెడల గుండ పోవును. చెత్త అచ్చట నిలిచిపోవును. తరువాత ఇసుక అడుగున పేరుకొనును. ఆ పిమ్మట పెద్ద తొట్లలో యంత్రములచే గాలిని లోనికి పంపుదురు. ఆ గాలితో బ్రతుకు సూక్ష్మజీవులు నీటిలోని మాలిన్యమును తిని తేర్చును. మిగిలిన బురద అడుగునకు దిగిన తరువాత పైనీటిని రోగక్రిములు లేకుండ చేసి విడుతురు. ఇందులో యంత్రములకంటె ముఖ్యమైనవి కంటికి కనబడని ఆ ప్రాణులే. విద్యుత్తు లేకనో, వ్యయమునకు వెరచియో గాలి యంత్రములను చాలసేపు ఆపినచో అవి నశించును. అప్పుడు గోడలు, తొట్లు, నామఫలకము అన్నియు ఉండును, శుద్ధి మాత్రముండదు. లోనికి వచ్చిన మురుగే వెలుపలికి పోవును. నీటిలోని మాలిన్యమును తేర్చుటకు సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువును బట్టి మాలిన్యమును కొలుతురు. మహానగరములు కాని పట్టణములలో శుద్ధిచేసిన నీటియందు ఈ కొలత లీటరునకు 30 మిల్లీగ్రాములు మించరాదని కేంద్రప్రభుత్వము 2017లో నియమము చేసినది. స్నానమునకు తగిన నదీజలములో అది 3 మిల్లీగ్రాములకు మించరాదు. అనగా కేంద్రము నియమము తప్పకుండ నడచినను, అది విడుచు నీటిని స్నానయోగ్యము చేయుటకు నదిలో కావలసినంత మంచినీరు పారుచుండవలెను. వేసవిలో మానేరు ఇసుకతిన్నెగా మారినపుడు ఆ మంచినీరెక్కడ? కావున కేంద్రము చూపు చిన్న అశ్రద్ధయు నదికి పెద్ద అపచారమగును.

శ్రీవైష్ణవాచార్యులు దోషములను వింగడించుచు అకృత్యకరణము, కృత్యాకరణము అని రెండింటిని మొదట పేర్కొనిరి. చేయరాని దానిని చేయుట మొదటిది. చేయవలసిన దానిని చేయకుండుట రెండవది. దారినపోవు ఒకడు ఏటిలో చెత్త వేయుట అకృత్యకరణము. శుద్ధిచేయుటకు పూనుకొని, అందులకై ప్రజల ధనము గైకొని, చేయక విడుచుట కృత్యాకరణము. సామాన్యదృష్టికి మొదటిదే పెద్ద దోషముగా తోచును. ఏలయన అందు చేయి కదలుట కనబడును. రెండవదానిలో ఏదియు కనబడదు. ఒక మీట నొక్కకుండుట, ఒక పుస్తకమున అసత్యపు కొలత వ్రాయుట మాత్రమే యుండును. కాని విచారించినచో రెండవదియే గురుతరము. బాటసారి చేసిన దోషమును జనులు చూచి జాగ్రత్తపడుదురు. కేంద్రమున్నదను నమ్మకముతో దిగువ ఊరివారు ఏ జాగ్రత్తయు పడరు. నీటితోపాటు విశ్వాసము కూడ మలినమైనది. వైద్యుడు విషమిచ్చుటవంటిది ఈ దోషము.

మరి దండమెట్లుండవలెను? భారతదేశమున జలకాలుష్య నివారణ చట్టము 1974లో వచ్చినది. నియమములకు మించిన మాలిన్యమును ఏటిలోనికి విడుచువారికి 6 సంవత్సరముల వరకు ఖైదు, జరిమానా విధింపవచ్చునని ఆ చట్టము పలికెను. 1996లో సుప్రీంకోర్టు, కాలుష్యము కలిగించినవాడే నష్టమును పూరించి పరిసరములను బాగుచేయు వ్యయమును భరింపవలెనను సూత్రము ఈ దేశపు న్యాయములో భాగమని తీర్పు చెప్పెను. 2010 చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునలునకు ఆ సూత్రము శాసనబద్ధమైన మార్గదర్శకమైనది. 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు మూడు సంవత్సరములలో మురుగుశుద్ధి కేంద్రములను నెలకొల్పవలెనని స్థానిక సంస్థలను ఆదేశించెను. 2019లో ట్రిబ్యునలు, గడువులోపల నెలకొల్పని ప్రతి కేంద్రమునకు నెలకు 10 లక్షల రూపాయలు, శుద్ధిలేక నదిలో కలియుచు తాత్కాలిక శోధనమునకైనను నోచుకొనని ప్రతి మురుగుకాలువకు నెలకు 5 లక్షల రూపాయలు చెల్లింపవలెనని నిర్ణయించెను. 2024లో 1974 నాటి చట్టమును సవరించి, పెక్కు దోషములకు ఖైదును తొలగించి, 10,000 మొదలు 15 లక్షల రూపాయల వరకు జరిమానా నిలిపిరి. ఆ సవరణ మొదట హిమాచలప్రదేశమునకు, రాజస్థానమునకు, కేంద్రపాలిత ప్రాంతములకు వర్తించినది; తక్కిన రాష్ట్రములు తమ శాసనసభలలో తీర్మానించి స్వీకరింపవచ్చునని నియమము.

ఇది అంతయు నవీనమని తలంపరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము పుణ్యస్థలము, నీటితావు, దేవాలయము, రాజభవనము అను చోట్ల మలవిసర్జనము చేసినవానికి ఒక పణము మొదలు ఒక్కొక్క పణము పెంచుచు దండము విధించినది. వ్యాధిచేతనో, ఔషధముచేతనో, భయముచేతనో చేసినవానిని విడిచిపెట్టినది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున ఇంకను సూక్ష్మమైన విధి గలదు. ఆపద లేకయే రాజమార్గమున మాలిన్యము విడిచినవాడు రెండు కార్షాపణములు చెల్లింపవలెను; అంతేకాక ఆ మాలిన్యమును తానే వెంటనే శుభ్రము చేయవలెను. వృద్ధులు, గర్భిణులు, బాలురు, ఆపదలో నున్నవారు ఆ పని చేసినచో వారిని మందలించి విడువవలెను. శుభ్రము చేయుట మాత్రము వారికిని తప్పదు. ఈ విధిలో దండము వేరు, శోధనము వేరు. దండమునకు మినహాయింపు గలదు, శోధనమునకు లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కాలుష్య నియంత్రణ మండలులకు పరిసరములను పూర్వస్థితికి తెచ్చుటకు కావలసిన ధనమును రాబట్టు అధికారము గలదని, అది శిక్షకంటె భిన్నమని చెప్పినప్పుడు, ఆ పాత వివేకమే క్రొత్త మాటలలో వినవచ్చినది.

ఇచట మొదటి చిక్కు కలుగుచున్నది. దండము ధనరూపమైనపుడు దోషి దానిని మూల్యముగా భావించు ప్రమాదమున్నది. కేంద్రమును ఒక నెల సరిగా నడుపుటకగు విద్యుత్తు, జీతములు, మరమ్మతుల వ్యయము జరిమానాకంటె అధికమైనచో, లెక్కలు మాత్రమెరిగినవాడు జరిమానా చెల్లించి ఊరకుండును. అపుడు జరిమానా దండము కాదు. నదిని మలినపరచుటకు చెల్లించు అద్దె. అన్యాయార్జితములో పదవవంతు హుండీలో వేసి, తక్కిన తొమ్మిది వంతులు తనకు ధర్మముగా సంక్రమించినవని తృప్తిపడు భక్తుని తీరు ఇట్టిదే. ఆ కానుకను స్వామి అంగీకరించెనని చెప్పజాలువాడెవడు? ప్రాయశ్చిత్తమునకు పశ్చాత్తాపము మొదటి అంగము. ఆ పనిని మరల చేయకుండుట రెండవది. చెరచినదానిని బాగుచేయుట మూడవది. ఈ మూడును లేని ధనవ్యయము ప్రాయశ్చిత్తమనిపించుకొనదు. కావున దండము, దోషము వలన మిగిలిన లాభముకంటె ఎల్లప్పుడును అధికముగ నుండవలెను. అది చెల్లించినంతమాత్రమున శుద్ధిచేయవలసిన బాధ్యత తీరరాదు.

రెండవ చిక్కు ఇంతకంటె కఠినమైనది. పట్టణపు మురుగుశుద్ధి కేంద్రము ఒక వర్తకుని సొత్తు కాదు. అది పురపాలక సంఘమునది, అనగా పురజనులది. దానికి జరిమానా విధించినచో చెల్లించునది పన్నుల ధనముతోనే. ఏటినీరు చెడి కష్టపడినవాడే ఆ నీరు చెడినందులకు జరిమానాయు చెల్లించుచున్నాడు. దెబ్బ తిన్నవానిచేతనే కర్ర వెల కట్టించినట్లున్నది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము దీనికొక మార్గము చూపుచున్నది. సామాన్యునకు ఒక కార్షాపణము దండమైన చోట రాజునకు వేయి కార్షాపణములు దండమట. అధికారము పెరిగినకొలది బాధ్యత పెరుగునని దీని తాత్పర్యము. రాజు దండము రాజ్యమునకు కాదు, రాజునకే. 1974 నాటి చట్టమునను ఈ భావము లేకపోలేదు. ప్రభుత్వశాఖ దోషము చేసినచో, తనకు తెలియకుండ జరిగినదనియో, నివారించుటకు తగిన శ్రద్ధ వహించితిననియో నిరూపించుకొననిచో, ఆ శాఖాధిపతియే దోషి యని అది పలికెను. 2024 సవరణ ఆ అధిపతి ఒక నెల మూలవేతనమును జరిమానాగా చెల్లింపవలెనని మార్చినది. మొత్తము స్వల్పమని కొందరు విమర్శింపవచ్చును. కాని కోట్ల రూపాయలు ఖజానా నుండి ఖజానాకు మారుటకంటె, బాధ్యుడైన ఒక వ్యక్తి తన జీతమునుండి కొంత కోల్పోవుట వలన మనస్సాక్షి మేల్కాంచుట సులభము. బాధ్యతకు పేరుండవలెను. పేరులేని దోషమునకు పశ్చాత్తాపముండదు.

మూడవది, దండధనము చేరవలసిన చోటు. ధర్మశాస్త్రమున ఒక వింతయైన విధి గలదు. మహాపాతకుల నుండి గ్రహించిన దండధనమును సాధువైన రాజు తన కోశమున చేర్చుకొనరాదు. నీటిలో విడిచి వరుణునకు సమర్పింపవలెను, లేదా విద్వాంసునకు దానమీయవలెను. ఏలయన రాజులను సైతము దండించు ప్రభువు వరుణుడు. నిర్దోషిని దండించిన రాజు ముప్పదిరెట్ల ధనమును వరుణునకు నీటిలో సమర్పింపవలెనని కౌటిల్యుడును చెప్పెను. దోషము వలన రాజకోశము పెరిగినచో, రాజునకు దోషము జరుగుటయందే ఆసక్తి కలుగునని పూర్వులు ఎరుగుదురు. వరుణుడు జలాధిపతి. జలమునకు జరిగిన అపచారమునకు గ్రహించిన ధనము జలమునకే చేరవలెననుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకదు. నాణెములను ఏటిలో విసరుమని దీని అర్థము కాదు. ఏటిని బాగుచేయుటకే వ్యయపరచుమని అర్థము.

తెలంగాణమున ఈ విషయము గ్రంథములకే పరిమితము కాలేదు. 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు తెలంగాణ రాష్ట్రము 3,825 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారము చెల్లింపవలెనని ఆదేశించెను. అందులో 3,648 కోట్లు శుద్ధికాని మురుగునీటికి సంబంధించినవి. దినమునకు 1,824 మిలియన్ లీటర్ల మురుగు శుద్ధి లేక మిగులుచున్నదని లెక్కించి, మిలియన్ లీటరు ఒక్కింటికి 2 కోట్ల చొప్పున ఆ మొత్తము నిర్ణయించిరి. తక్కిన 177 కోట్లు పేరుకొనిపోయిన ఘనవ్యర్థములకు సంబంధించినవి. ఆ ధనమును రాష్ట్రము ప్రత్యేకమైన ఖాతాలో నుంచి, ప్రధాన కార్యదర్శి నిర్దేశము మేరకు, చెడినదానిని బాగుచేయుటకే వినియోగింపవలెనని ఆ ఆదేశము. వరుణునకు సమర్పించుటకు నేటి రూపము ఇట్టిదే. దాని సార్థక్యము వ్రాయబడిన అంకెలలో లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లవంటి పట్టణముల కాలువ చివర పారు నీటి రంగులో ఉన్నది.

ధనము చెల్లించినంతమాత్రమున నది బాగుపడదనుటకు పటాన్‌చెరువు గాథ సాక్షి. అచ్చటి పరిశ్రమల మలినజలము నక్కవాగు మీదుగా మంజీరలోనికి, మంజీర నుండి గోదావరిలోనికి చేరెడిది. 1990లో ఆ వ్యవహారము సుప్రీంకోర్టు చేరినది. 1994లో సామూహిక శుద్ధి కేంద్రము నెలకొల్పబడినది. కాని కేంద్రము వచ్చిన తరువాతయు వాగు తేరలేదు. రైతులకు పరిహారము ముట్టినది; చెడిన బావులు మాత్రము బాగుపడలేదు. తుదకు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గము వేసి, ఆ నీటిని హైదరాబాదు అంబర్‌పేట కేంద్రమునకు, అచ్చటినుండి మూసీనదికి మళ్ళించిరి. గోదావరి కుటుంబములోని ఏటి భారము కృష్ణ కుటుంబములోని ఏటికి మారినది. ఒకరి పాపము మరియొకరి వాకిట పోయుట పరిహారమగునా? దండించు ప్రతివాడు వేసికొనవలసిన ప్రశ్న ఇది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. సిరిసిల్ల మరమగ్గముల ఊరు. నూలునకు గంజి పెట్టువారు, రంగులద్దువారు ఎందరో చిన్న పనివారు. గిరాకి తగ్గిన కాలమున అచ్చటి నేతకుటుంబములు పడిన వేదన లోకవిదితము. అట్టివారిపై కఠినదండము విధించినచో పొయ్యి ఆరిపోదా? ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. దిగువ ఊరి పిల్లవాని ఆరోగ్యము ఎంత ముఖ్యమో, ఎగువ ఊరి కార్మికుని కూడు అంత ముఖ్యము. ఆపదలో నున్నవానిని దండింపక, శుభ్రము మాత్రము చేయించుమన్న స్మృతివిధి ఇచటనే ఉపకరించును. దుర్బలుని దండము తగ్గవచ్చును. నదిలోనికి పోవు మాలిన్యము మాత్రము తగ్గియే తీరవలెను. ఒక్కొక్కడు తనంత శుద్ధియంత్రము పెట్టుకొనజాలనపుడు అందరకు కలిపి ఒక కేంద్రము నిర్మించి నడుపుట సమర్థుల ధర్మము. ఆ కేంద్రము పనిచేయనిచో దండము రంగులద్దువానిపై గాక, నడుపుదునని పూనుకొన్న సమర్థునిపై పడవలెను. బలహీనుని పట్టి బలవంతుని విడుచు దండము దండమనిపించుకొనదు.

దండము యొక్క పరమప్రయోజనమేమో శ్రీమద్భాగవత దశమస్కంధములోని కాళియవృత్తాంతము బోధించును. కాళియుడు యమునా మడుగున చేరి నీటిని విషమయము చేసెను. ఆ నీరు త్రాగి గోవులు, గోపబాలురు పడిపోయిరి. శ్రీకృష్ణుడు వాని పడగలపై నర్తించి గర్వమణచెను. నాగపత్నులు శరణువేడి, ఈ నిగ్రహము మాకు అనుగ్రహమే యని విన్నవించిరి. కాళియుడును తాము పుట్టుకచేతనే క్రూరస్వభావులమని, ఆ స్వభావమును విడుచుట కష్టమని మొరపెట్టుకొనెను. స్వామి వాని మొర వినెను, ప్రాణము తీయలేదు. కాని మడుగులో ఉండనిచ్చుటకు అంగీకరింపలేదు. సముద్రమునకు పొమ్మని ఆజ్ఞాపించెను. ఆనాటినుండి యమునాజలము విషము వీడి అమృతోపమమైనదని వ్యాసభగవానుడు ఆ అధ్యాయమును ముగించెను. కాళియుడు ఎంత బాధపడెనను లెక్కతో ఆ కథ ముగియలేదు. నీరు తేరినది, గోవులు త్రాగినవి: అదియే ముగింపు. దండము ఫలించినదా లేదా యని తెలిసికొనుటకు దోషి ముఖము చూడనక్కరలేదు, నదిని చూచిన చాలును.

తీర్థయాత్రికులును ఈ విచారమునకు వెలుపలివారు కారు. ధర్మపురి రేవున మునిగి, కట్టుబట్టలను ఏటిలోనే విడిచి, పసుపుకుంకుమలతో ప్లాస్టిక్ సంచిని సైతము గంగమ్మ కర్పించి వచ్చువాడు పురపాలక సంఘమును నిందింపదగడు. జలములో మలమూత్రములను, అపవిత్ర వస్తువులను విడువరాదని స్మృతి గృహస్థునకే చెప్పినది. తన యింటి మురుగు ఎచ్చటికి పోవుచున్నదో అడిగి తెలిసికొనుట, మరుగుదొడ్డి తొట్టిని ఖాళీచేసిన బండి దానిని శుద్ధి కేంద్రమునకే కొనిపోయెనా, లేక రాత్రివేళ వాగులో విడిచెనా యని విచారించుట, పన్ను సకాలమున చెల్లించి, ఆ పన్నుతో కేంద్రము నడచుచున్నదా యని ప్రశ్నించుట, ఇవియు భగవత్కైంకర్యములే. తిరువారాధనము కోవెల గడపతో ముగియదు.

ధర్మపురి క్షేత్రమున నృసింహుని కోవెలలో యమధర్మరాజునకును ఆలయము గలదు. పాపులను దండించి దండించి మనశ్శాంతి కోల్పోయిన యముడు ఆ క్షేత్రమునకు వచ్చి, గోదావరిలో స్నానమాడి, నృసింహుని సేవించి శాంతి పొందెనని స్థలపురాణము. ధర్మపురిని దర్శించినవానికి యమపురి లేదను లోకోక్తియు ఉన్నది. దండధరుడైన యమునకే దండన పని తాపము కలిగించినది. ఆ తాపము చల్లారుటకు ఆయనకును నదియే గతియైనది. శిక్షించుటవలన లోకము శుద్ధికాదు, నిర్మలజలమువలననే శుద్ధియగునని ఆ కథ చెప్పకయే చెప్పుచున్నది. దండించువాడు వచ్చి మునుగదగిన నీరైనను మిగులనిచో, దండమునకును అర్థముండదు.

2015లో గోదావరికి పుష్కరములు జరిగినవి. 2027 మరల గోదావరికి పుష్కర సంవత్సరము. అందు స్నానమాడువారి చేతులలోనికి వచ్చు నీరు ఎగువ పట్టణముల కాలువలు దాటి వచ్చిన నీరే. ఆ నీటిని శుద్ధిచేయుటకు పూనుకొన్నవారికి శ్రద్ధను, వారిని విచారించువారికి ధైర్యమును, దండించువారికి న్యాయదృష్టిని, దండధనము నదికే చేరునట్టి నిజాయితీని జలశాయియైన శ్రీమన్నారాయణుడు ప్రసాదించుగాక. ధర్మపురి మొదలు అంతర్వేది వరకు ఆయన తీర్థము నిర్మలముగ పారుగాక.